ముఖం ఒకవైపు తేడాగా ఉందా? బొటాక్స్, ఫిల్లర్, క్లిప్పులు, సర్జరీ: ఏది ఎవరికి, ఏ వరసలో

ఒకవైపు దవడ లావుగా ఉంది, గడ్డం మధ్యలో లేదు, నవ్వితే మూతి పక్కకి పోతోంది, ఫిల్లర్ (తక్కువగా ఉన్న చోట చర్మం కింద నింపే జెల్ ఇంజెక్షన్) వేయిస్తే సరిపోతుందా అని అడిగేవాళ్ళు చాలామందే ఉన్నారు. అందరికీ ముందు చెప్పేది ఒకటే, తేడా ఏ పొరలో ఉందో తేలకుండా సూది దగ్గరికి వెళ్ళొద్దు. చర్మం కింద కొవ్వు, దాని కింద కండ, ఆ కింద పళ్ళు, ఎముక, వీటిలో దేంట్లో తేడా ఉందో దాన్నిబట్టే ట్రీట్‌మెంట్. ఎముక పక్కకి జరిగిన మనిషికి పైన ఫిల్లర్ వేస్తూ పోవడం పునాది ఒరిగిన గోడకి ప్లాస్టరింగ్ చేయించడం లాంటిది.

ఇంకోటి, రెండు వైపులా అచ్చంగా ఒకేలా ఉండే ముఖం ఎవరికీ ఉండదు. గడ్డం 3–4 మిల్లీమీటర్ల లోపు పక్కకి ఉంటే మామూలుగా ఎదుటివాళ్ళు గమనించరు కూడా. కాబట్టి మన టార్గెట్ తేడా తగ్గించడం వరకే.

## 1. ముందుగా: ఇది ఎప్పట్నుంచి ఉంది?

ఇది కాస్మెటిక్ విషయమా కాదా అనేది ఈ ఒక్క ప్రశ్నతోనే చాలావరకు తేలిపోతుంది.

ఈరోజే, ఇప్పుడే మూతి వంకర పోయిందా? క్లినిక్‌లు వెతకడం ఆపి 108కి ఫోన్ చేయండి. చెయ్యి బలహీనపడటం, మాట తడబడటం కూడా ఉంటే అది పక్షవాతం కావచ్చు, మెదడులో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి సాధారణంగా ఉండే టైమ్ 4.5 గంటలే. బెల్స్ పాల్సీలో, అంటే మెదడు వల్ల కాకుండా ముఖం నరం దెబ్బతిని ఒకవైపు ముఖం పడిపోయినప్పుడు, మామూలుగా నుదురు కూడా ఆ వైపు కదలదు, కన్ను మూతపడదు, పక్షవాతంలో ఎక్కువగా నుదురు కదులుతూనే ఉంటుంది. అయినా ఇంట్లో కూర్చుని ఈ తేడా మీరే తేల్చేయకండి, డాక్టర్నే తేల్చనివ్వండి. బెల్స్ పాల్సీ అయినా స్టెరాయిడ్ మాత్రలు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తాయి, కన్ను ఎండిపోకుండా చుక్కలు కూడా కావాలి. ఆకుపసరు కట్టించుకుంటూ వారం గడిపేస్తే ఆ అవకాశం పోతుంది.

కొన్ని నెలలుగా పెరుగుతూ వస్తోందా? గడ్డలా తగులుతున్నా, పెదవి తిమ్మిరిగా ఉన్నా, పైపళ్ళు కిందపళ్ళు కలిసే తీరు మారుతున్నా, ఒకవైపు బుగ్గ లోపలికి పోతున్నా ముందు స్కాన్ కావాలి. 15–25 ఏళ్ళ మధ్య గడ్డం మెల్లగా ఒకవైపుకి జరుగుతూ ఉంటే ఒక దవడ కీలు ఇంకా పెరుగుతూ ఉండొచ్చు, అది కదులుతున్నప్పుడు పైన ఏం చేసినా నిలవదు.

బండి మీంచి పడ్డాక వచ్చిందా? చెంప ఎముక లోపలికి నొక్కుకుపోతే దాన్ని మొదటి రెండు వారాల్లో సరిచేయడం తేలిక, ఎముక వంకరగానే అతుక్కున్నాక మళ్ళీ కోసి సరిచేయాల్సి వస్తుంది. "వాపు తగ్గాక చూద్దాంలే" అని నెలలు ఆగకండి.

చిన్నపిల్లలకా? గడ్డం మీద పడ్డాక నోరు సరిగ్గా తెరుచుకోకపోయినా, పసిబిడ్డ మెడ ఎప్పుడూ ఒకవైపే వంచుతున్నా, పెద్దయ్యాక సర్దుకుంటుందిలే అనుకోవద్దు. పిల్లల్లో ఎంత తొందరగా పట్టుకుంటే ముఖం అంత సమంగా పెరుగుతుంది.

ఇవేవీ కాకుండా ఏళ్ళతరబడి అలాగే, మార్పు లేకుండా ఉంటే అప్పుడు రెండో స్టెప్‌కి రండి.

## 2. ఫోటోలు సరిగ్గా తీసుకోవడం

చాలామంది భయపడేది ముఖాన్ని చూసి కాదు, సెల్ఫీని చూసి. 12 అంగుళాల దూరంలో తీసిన ఫోటోలో ముక్కు దాదాపు 30% వెడల్పుగా కనిపిస్తుందని 2018లో అమెరికా డాక్టర్లు లెక్క కట్టి చూపించారు. పైగా మనం రోజూ అద్దంలో చూసేది తిరగేసిన ముఖం, ఫోటోలో అది మామూలుగా కనిపించేసరికి ఉన్న తేడా డబుల్ అయినట్టు అనిపిస్తుంది.

ఇలా తీయించుకోండి:

- ఫోన్ ఇంకొకరికి ఇచ్చి ఒకటిన్నర మీటర్ దూరంలో నిలబెట్టండి, కెమెరా కళ్ళ ఎత్తులో ఉండాలి, 2x జూమ్, బ్యూటీ ఫిల్టర్ పూర్తిగా ఆఫ్
- కిటికీకి ఎదురుగా నిలబడండి, వెలుగు ఒక పక్క నుంచి పడితే లేని తేడా కనిపిస్తుంది
- జుట్టు వెనక్కి కట్టేయాలి, చెవులు రెండూ కనపడాలి, కళ్ళజోడు తీసేయాలి
- ఎదురుగా మామూలుగా ఒకటి, పళ్ళు కనిపించేలా నవ్వుతూ ఒకటి, పళ్ళు గట్టిగా కరిచి ఒకటి
- కుడి పక్క, ఎడమ పక్క, గడ్డం పైకెత్తి కింద నుంచి ఒకటి
- ఐస్‌క్రీమ్ పుల్ల అడ్డంగా కోరపళ్ళ మధ్య కరిచి పట్టుకుని ఎదురుగా ఒకటి

ఆ ఆఖరిది మానేయొద్దు. పుల్ల కళ్ళ లైన్‌కి సమాంతరంగా ఉందంటే పై దవడ దాదాపు నేరుగానే ఉన్నట్టు, ఒకవైపు ఎత్తుగా పోతోందంటే దవడ ఎముక వాలి ఉండొచ్చు, అప్పుడు దారి దంతాల డాక్టర్ వైపే, స్కిన్ క్లినిక్ వైపు కాదు.

పదేళ్ళ కిందటి ఫోటోలు కూడా వెతికి పక్కన పెట్టుకోండి, పాత స్కూల్ ఐడీ కార్డు అయినా పర్లేదు. తేడా పెరుగుతోందా, ముందునుంచీ ఇంతేనా అనేది డాక్టర్‌కి అన్నిటికంటే బాగా పనికొచ్చే సమాచారం.

## 3. ఏ పొర? ఇంట్లో చేస్కోగల చిన్న పరీక్షలు

కండ: రెండు చేతుల వేళ్ళు దవడ మూలల మీద పెట్టి పళ్ళు గట్టిగా కరవండి. ఉబ్బుగా ఉన్నవైపు రాయిలా గట్టిపడితే అది నమిలే కండ, దాన్నే మసిటర్ అంటారు. ఒకవైపే నమలడం, రాత్రి పళ్ళు కొరకడం దీనికి మామూలు కారణాలు. ఒకవైపు పుచ్చు పన్ను ఉండి నొప్పికి భయపడి రెండోవైపే ఏళ్ళ తరబడి తినేవాళ్ళు మనలో ఎంతమందో, వాళ్ళకి ముందు ఆ పన్ను బాగుచేయించుకోవాలి, లేకపోతే బొటాక్స్ (కండని కొన్ని నెలలు బలహీనపరిచే ఇంజెక్షన్) చేసినా కండ మళ్ళీ పెరుగుతుంది.

లాలాజల గ్రంథి: కరిచినా ఉబ్బు మెత్తగానే ఉండి, చెవితమ్మె కొంచెం పైకి లేచినట్టు ఉంటే అది గవదబిళ్ళలు వచ్చే చోట ఉండే గ్రంథి కావచ్చు. దాన్ని కండ అనుకుని సూది వేయించుకోకూడదు, ముందు అల్ట్రాసౌండ్ తీయించాలి.

ఎముక, పళ్ళు: పై పళ్ళ మధ్య గీత, కింది పళ్ళ మధ్య గీత కలవట్లేదు, గడ్డం కూడా అటే పోయింది అంటే తేడా చాలావరకు ఎముకలో ఉన్నట్టే.

కనురెప్ప: వాలిన రెప్పని వేలితో పైకి ఎత్తి పట్టుకుని అద్దంలో రెండో కన్ను చూడండి. రెండో రెప్ప కిందికి దిగిందంటే ఆ సంగతి డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి, ఎందుకంటే రెండు రెప్పలకీ మెదడు నుంచి ఒకే స్థాయి ఆర్డర్ వెళ్తుంది, ఒకటి సర్జరీతో ఎత్తగానే రెండోది వాలిపోవచ్చు.

ముక్కు: ముఖమంతా వంకర అనుకునేవాళ్ళలో కొందరికి అసలు తేడా ముక్కులోనే ఉంటుంది. ఫోటోలో ముక్కు మీద వేలు అడ్డం పెట్టి చూడండి, మిగతా ముఖం సమంగా అనిపిస్తే విషయం తెలిసిపోతుంది.

## 4. ఎవరి దగ్గరికి వెళ్ళాలి

- దవడ, గడ్డం, పళ్ళు: మాక్సిలోఫేషియల్ సర్జన్ (దవడ ఎముకల సర్జన్), ఆర్థోడాంటిస్ట్ (క్లిప్పులు వేసే డాక్టర్). ఇద్దరూ ఎండీఎస్ చేసి ఉండాలి, ఇద్దరూ కలిసి చూడాలి
- కొవ్వు, మచ్చలు, ఇంప్లాంట్లు: ఎంసీహెచ్ లేదా డీఎన్‌బీ ప్లాస్టిక్ సర్జన్
- బొటాక్స్, ఫిల్లర్: డెర్మటాలజిస్ట్ లేదా ప్లాస్టిక్ సర్జన్
- రెప్పలు: ఆక్యులోప్లాస్టీ (రెప్పల సర్జరీ) చేసే కంటి డాక్టర్, హైదరాబాద్ ఎల్‌వీ ప్రసాద్‌లో ఈ విభాగం ఉంది
- ముక్కు: ఈఎన్‌టీ లేదా ప్లాస్టిక్ సర్జన్

డబ్బు ఇబ్బంది ఉంటే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో, విజయవాడలో, కడపలో గవర్నమెంట్ డెంటల్ కాలేజీలున్నాయి, ప్లాస్టిక్ సర్జరీకి ఉస్మానియా, నిమ్స్ ఉన్నాయి. వెయిటింగ్ ఉంటుంది, కానీ రోజూ యాక్సిడెంట్ దవడలు బాగుచేసే చేతులు అవి. గ్రహణం మొర్రి కేసులకైతే స్మైల్ ట్రెయిన్ అనే సంస్థ తరఫున ఆపరేషన్ ఉచితంగా చేసే ఆసుపత్రులున్నాయి.

బోర్డు మీద "కాస్మెటాలజిస్ట్" అని మాత్రమే ఉంటే డిగ్రీ ఏంటని అడగండి, రిజిస్ట్రేషన్ నంబర్ అడిగి రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ లేదా డెంటల్ కౌన్సిల్‌లో చూసుకోండి. ఇలా అడగడంలో మొహమాటపడాల్సిన పనేం లేదు.

## 5. వరస తప్పితే డబ్బు వేస్ట్

రెండు మూడు పొరల్లో తేడా ఉన్నప్పుడు ఈ వరస పాటించాలి, లోపలి నుంచి బయటికి:

1. జబ్బు ఏదైనా ఉంటే అది, పుచ్చు పళ్ళు, చిగుళ్ళు
2. పళ్ళ వరస, దవడ ఎముక
3. ముక్కు
4. కండకి బొటాక్స్
5. కొవ్వు, ఫిల్లర్, రెప్పలు, ఆఖర్న చర్మం

కండ మాత్రమే తేడా అయి, పుచ్చు పళ్ళ లాంటివి లేకపోతే నేరుగా బొటాక్స్‌కే వెళ్ళొచ్చు, మిగతావి అక్కర్లేదు.

పెళ్ళి తేదీ పెట్టుకుని పరిగెత్తేవాళ్ళకి: మసిటర్ బొటాక్స్ మూడు నెలల ముందు, ఫిల్లర్ కనీసం నెలన్నర ముందు, ఫ్యాట్ గ్రాఫ్టింగ్ (సొంత కొవ్వు ఎక్కించడం) ఆరు నెలల ముందు, ముక్కు, దవడ సర్జరీలు ఏడాది ముందు అవ్వాలి. అంత టైమ్ లేదా, అయితే పెళ్ళయ్యాకే చేయించుకోండి. పెళ్ళికి వారం ముందు మొదటిసారి ఫిల్లర్ వేయించుకోవడం మాత్రం అస్సలు వద్దు, కమిలిన బుగ్గతో పీటల మీద కూర్చోవాల్సి రావచ్చు.

## 6. మసిటర్ బొటాక్స్

కండ వల్ల వచ్చిన తేడాకి ఇదే బెస్ట్, నాకు బాగా నమ్మకం ఉన్న ట్రీట్‌మెంట్ కూడా. పెద్దగా ఉన్నవైపు బొటాక్స్ బ్రాండ్ అయితే మామూలుగా 20–30 యూనిట్లు, చిన్నవైపు తక్కువ లేదా అసలు లేదు. డిస్‌పోర్ట్ అనే ఇంకో బ్రాండ్ యూనిట్ల లెక్క వేరు, ఒక బొటాక్స్ యూనిట్‌కి సుమారు రెండున్నర నుంచి మూడు డిస్‌పోర్ట్ యూనిట్లు, అందుకే రెండు క్లినిక్‌ల రేట్లు పోల్చేముందు బ్రాండ్ ఏదో కనుక్కోండి.

రెండు వారాల్లో కండ బలం తగ్గుతుంది, ముఖం సన్నబడటం కనిపించాలంటే 6–8 వారాలు ఆగాలి, 4–6 నెలలు ఉంటుంది. మొదట్లో మటన్, చపాతీ నమలాలంటే దవడ అలసిపోతుంది, అది మామూలే.

వద్దు అనాల్సినవాళ్ళు: గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మయస్తీనియా గ్రావిస్ లాంటి కండరాల జబ్బు ఉన్నవాళ్ళు. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతుంటే ముందే చెప్పాలి.

- సీల్ ఉన్న వయల్ (మందు సీసా) మీ ముందే ఓపెన్ చేయాలి, బ్యాచ్ నంబర్ ఫోటో తీస్కోండి
- వేయించుకున్నాక 4 గంటలు పడుకోవద్దు, ఆ రోజంతా మసాజ్, ఫేషియల్ వద్దు
- నవ్వు ఒకవైపు లాగినట్టు అయితే మందు పక్క కండలోకి వెళ్ళిందన్నమాట, కొన్ని వారాల నుంచి నెలల్లో దానంతటదే పోతుంది, కంగారుపడి ఇంకో చోట ఇంకో డోస్ వేయించుకోవద్దు
- కరిచినప్పుడు ఒక చోట మాత్రమే ముద్దలా పొంగితే మందు కండ అంతటా పట్టలేదని అర్థం, రెండో వారం చెకప్‌లో కొంచెం వేసి సరిచేస్తారు

## 7. ఫిల్లర్

గడ్డం కొంచెం పక్కకి ఉన్నా, ఒకవైపు దవడ మూల లేదా చెంప తక్కువగా ఉన్నా పనికొస్తుంది. హైలురానిక్ యాసిడ్ రకమే అడగండి, ఎందుకంటే తేడా వస్తే హైలురానిడేజ్ అనే ఇంజెక్షన్‌తో కరిగించేయొచ్చు. గడ్డం, దవడ దగ్గర 12–18 నెలలు ఉంటుంది. "పర్మనెంట్ ఫిల్లర్", ద్రవ సిలికాన్ అంటే అక్కడినుంచి లేచి వచ్చేయండి, అవి కరగవు, గడ్డలు కడితే కోసి తీయడమే.

ఇక్కడ ఒక్కటి సీరియస్‌గా చదవండి. ఫిల్లర్ రక్తనాళంలోకి వెళ్తే చర్మం చచ్చిపోవచ్చు, అరుదుగా చూపు కూడా పోతుంది. ముక్కు, కనుబొమ్మల మధ్య, నుదురు ఎక్కువ రిస్క్ ఉన్న చోట్లు, అందుకే వంకర ముక్కుని ఫిల్లర్‌తో సరిచేయించుకోవడం నేను చెప్పను.

వెంటనే డాక్టర్ దగ్గరికి పరిగెత్తాల్సిన గుర్తులు:

- వేసిన చోట చర్మం తెల్లగా పాలిపోవడం, తర్వాత వలలాగా నీలం మచ్చలు
- తగ్గకుండా పెరిగే నొప్పి
- చూపు మసకబారడం, రెండుగా కనిపించడం, కంటిలో నొప్పి. ఇదైతే నిమిషాలే లెక్క

కాబట్టి బుకింగ్ ముందే "హైలురానిడేజ్ ఇక్కడ ఫ్రిజ్‌లో ఉందా, రాత్రి ఫోన్ చేస్తే ఎవరు ఎత్తుతారు" అని అడగండి. రెండిటికీ జవాబు సరిగ్గా రాకపోతే ఆ క్లినిక్ వద్దు. ఫిల్లర్‌కి ముందు రెండు వారాలు, తర్వాత రెండు వారాలు పళ్ళ పని ఏదీ పెట్టుకోవద్దు. గుండెకి ఆస్పిరిన్ వాడుతుంటే మీ అంతట మీరు ఆపొద్దు, రాసిన డాక్టర్‌ని అడగాలి.

మొదటిసారి తక్కువ వేయించుకుని రెండు వారాలాగి చూడండి, కావాలంటే కలుపుకోవచ్చు.

## 8. సొంత కొవ్వు ఎక్కించడం

ఒకవైపు బుగ్గ బాగా పల్చబడినవాళ్ళకి పొట్ట లేదా తొడ దగ్గర్నుంచి కొవ్వు తీసి ఎక్కిస్తారు. ఎక్కించినదాంట్లో కొంత భాగం కరిగిపోతుంది, ఎంత అనేది మనిషిని బట్టి మారుతుంది, చాలామందికి రెండోసారి కూడా కావాలి. ఫైనల్ రూపం 3–6 నెలలకి గానీ తెలీదు. బరువు పెరిగితే ఆ బుగ్గ కూడా పెరుగుతుంది, కాబట్టి బరువు ఒక చోట నిలబడ్డాకే చేయించుకోండి. బుగ్గ తగ్గే జబ్బు ఇంకా నడుస్తుంటే అది ఆగేవరకు ఎదురుచూడాలి.

## 9. దవడ ఎముక సర్జరీ

పుల్ల వాలి ఉండి, పళ్ళ గీతలు కలవక, నమలడం కూడా ఇబ్బందిగా ఉన్నవాళ్ళకి అసలు పరిష్కారం ఇదే. ఎదుగుదల ఆగాకే చేస్తారు, అమ్మాయిలకి సుమారు 16–17 తర్వాత, అబ్బాయిలకి 18 దాటాక. కీలు ఇంకా పెరుగుతోందన్న అనుమానం ఉంటే బోన్ స్కాన్ చేసి చూస్తారు.

మామూలుగా ఇలా నడుస్తుంది:

1. సీబీసీటీ (దవడ, పళ్ళ 3డీ) స్కాన్, పళ్ళ అచ్చులు, కంప్యూటర్‌లో ప్లాన్
2. అవసరమైతే జ్ఞాన దంతాలు ముందే తీయడం
3. క్లిప్పులు ఏడాది నుంచి ఏడాదిన్నర. ఈ టైమ్‌లో వంకర ఇంకా పెరిగినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే పళ్ళని అసలు ఎముక మీద సరిగ్గా నిలబెడుతున్నారు, భయపడి మధ్యలో ఆపేయొద్దు
4. సర్జరీ, నోటి లోపలి నుంచే ఎక్కువగా, టైటానియం ప్లేట్లతో బిగిస్తారు, కొన్ని రోజులు హాస్పిటల్లో
5. మళ్ళీ క్లిప్పులు ఇంకో ఆరు నెలలు

మొదటి వారాల్లో రాగి జావ, పప్పు కట్టు, మజ్జిగ, తర్వాత మెత్తగా మెదిపిన పప్పన్నం, నమిలే తిండికి ఆరు వారాలు పట్టొచ్చు. బరువు తగ్గుతారు, అందుకే ఇంట్లో ఎవరైనా రెండు వారాలు తోడుండాలి. కింది పెదవి, గడ్డం తిమ్మిరి చాలామందికి నెలల తరబడి ఉంటుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది, ఈ మాట సర్జన్ నోటి నుంచి మీరు ముందే వినాలి. వాపు చాలావరకు ఆరు వారాల్లో, పూర్తిగా పోవడానికి ఏడాది. మొదటి పది రోజులు అద్దం చూసి ఏడుపొచ్చినా అది తుది ముఖం కాదు.

పళ్ళు బాగానే కలుస్తూ గడ్డం చివర ఒక్కటే పక్కకి ఉంటే జెనియోప్లాస్టీ చాలు, క్లిప్పులు అక్కర్లేదు. గడ్డం ముక్క కోసి మధ్యకి జరిపి బిగిస్తారు. ఏటా ఫిల్లర్ కొనుక్కునే బదులు ఇది ఆలోచించండి.

ఇన్సూరెన్స్ పాలసీల్లో కాస్మెటిక్ సర్జరీకి మినహాయింపు ఉంటుంది, యాక్సిడెంట్, కాలిన గాయాలు, క్యాన్సర్ తర్వాత సరిచేయడానికి, లేదా వైద్యపరంగా తప్పనిసరి అని డాక్టర్ రాసిస్తే తప్ప. నమలడం, శ్వాస ఇబ్బంది ఉంటే అది రిపోర్ట్‌లో రాయించి ప్రీ-ఆథరైజేషన్ (ఇన్సూరెన్స్ కంపెనీ ముందస్తు అనుమతి) పెట్టండి.

## 10. బెల్స్ పాల్సీ మిగిల్చిన తేడా

కన్ను మూస్తే మూతి కదలడం, నవ్వితే కన్ను చిన్నదవడం, ఇలాంటివాటికి అద్దం ముందు మెల్లగా చేసే ఫిజియోథెరపీ, దాంతోపాటు కొద్ది కొద్దిగా బొటాక్స్ బాగా పనిచేస్తాయి. గట్టిగా బుగ్గలు ఊది, బలంగా ముఖం బిగించే ఎక్సర్‌సైజులు ఈ స్టేజ్‌లో కీడు చేస్తాయి. ఏళ్ళ తర్వాత కూడా అసలు కదలిక లేకపోతే తొడ కండ తెచ్చి నవ్వు తిరిగి తెప్పించే సర్జరీ ఉంది.

## 11. ఎక్కువగా జరిగే తప్పులు

మ్యూయింగ్ (నాలుకని అంగిలికి నొక్కి ఉంచడం), గువాషా (రాయితో ముఖం రుద్దడం), దవడ బాల్స్: పెద్దవాళ్ళ ఎముకని ఇవి జరపలేవు. రబ్బర్ బాల్ నమిలితే మసిటర్ పెరుగుతుంది, అంటే ఉన్న సమస్య ఇంకా ఎక్కువవుతుంది.

థ్రెడ్ లిఫ్ట్‌తో (చర్మం కింద దారాలు వేసి పైకి లాగడం) వంకర తీయించాలనుకోవడం: ఎక్కువకాలం ఉండదు, ఎముక తేడాకి పనికిరాదు, ఒకవైపు గుంటలు పడితే ఇంకో కొత్త తేడా.

ఒకవైపు ఫిల్లర్ ఎక్కువై, సమం చేయడానికి రెండోవైపు వేస్తూ పోవడం: ముఖం ఉబ్బిపోతుంది. ఆపి, కరిగించి, రెండు వారాలాగి మళ్ళీ ప్లాన్ చేయించండి.

ఇంట్లో చెప్పకుండా వెళ్ళడం: మత్తు ఇచ్చే ఏ ప్రొసీజర్‌కైనా తోడు ఉండాలి, అనస్థీషియా డాక్టర్ ఉండాలి.

ఎంత చేసినా తృప్తి లేకపోవడం: రోజులో గంటలు అద్దం ముందు గడుస్తుంటే, ఎవరూ గమనించని తేడా కోసం బయటికి వెళ్ళడం మానేస్తుంటే ముందు సైకియాట్రిస్ట్‌ని కలవండి. అది నిజమైన బాధ, దానికి మంచి ట్రీట్‌మెంట్ ఉంది, సూదులతో మాత్రం తగ్గదు.

## 12. సైన్ చేసేముందు

- తేడా ఏ పొరలో ఉందో డాక్టర్ ఒక్క వాక్యంలో చెప్పారా? స్కాన్ లేదా కొలతతో చూపించారా?
- ఏమీ చేయకపోతే ఏమవుతుందని అడిగారా?
- ఇలాంటి కేసుల ముందు, తర్వాత ఫోటోలు చూశారా? ఏడాది తర్వాతవి కూడా?
- బిల్లు యూనిట్ల లెక్కనా, సిరంజి లెక్కనా, టచప్‌కి వేరేనా?
- తేడా వస్తే సరిచేసే ఖర్చు ఎవరిది?
- కన్సెంట్ ఫారం తెలుగులో వివరించారా, కాపీ ఇచ్చారా?
- సర్జరీ అయితే రెండో డాక్టర్ అభిప్రాయం తీసుకున్నారా?

"ఈరోజే కడితే డిస్కౌంట్" అంటే కట్టకండి, ఇంటికొచ్చి రెండు రాత్రులు పడుకుని ఆలోచించండి. చేయించుకున్నాక రెండో వారం, మూడో నెల, ఆరో నెల, అదే కిటికీ దగ్గర, అదే దూరంలో ఫోటోలు తీయించి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి, చెకప్‌కి వెళ్ళినప్పుడు ఆ ఫోల్డర్ చూపించే మాట్లాడండి.